పిల్లల చేతికి జిల్లా

జర్మనీలోని బవేరియా పిల్లలు మూడు, నాలుగు తరగతుల్లోనే తామున్న పాలనా ప్రాంతాన్ని పాఠంగా చదువుకుంటారు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకూ అలాంటి పాఠం ఎందుకు కావాలి? అది ఎలా ఉండాలి?

జర్మనీలోని బవేరియా రాష్ట్రాన్ని పాలన కోసం ఏడు ప్రాంతాలుగా విభజించారు. ఒక్కోదాన్ని రెగీరుంగ్స్‌బెజిర్క్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే జిల్లాకు పైన, రాష్ట్రానికి కింద ఉండే అంచె. ఆ దేశంలో నాలుగు రాష్ట్రాల్లోనే ఈ ఏర్పాటు ఉంది, అన్నీ కలిపి 19. బవేరియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ముందు తమ ఊరు, తర్వాత తమ జిల్లా, ఆపైన తమ పాలనా ప్రాంతం, చివరికి రాష్ట్రం అనే వరుసలో లోకాన్ని తెలుసుకుంటారు. అలా చదివే పిల్లలకు మిట్టెల్‌ఫ్రాంకెన్ అనే ప్రాంతంలో ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. ఐదు లక్షల జనాభా దాటిన న్యూరెంబర్గ్ మహానగరం ఉండగా, నలభై వేల మందికి అటూఇటూగా ఉన్న ఆన్స్‌బాఖ్ ఎందుకు కేంద్రమైంది? జవాబు పాత కాలంలో ఉంది. ఆన్స్‌బాఖ్ ఒకప్పుడు సంస్థానాధీశుల రాజధాని, న్యూరెంబర్గ్ వర్తకుల స్వతంత్ర నగరం. రెండూ 1806లో బవేరియాలో కలిశాయి. అచ్చం అలాంటి ప్రశ్నే ప్రొద్దుటూరు పిల్లల కళ్ళెదుటా ఉంది. 2011 జనగణన నాటికే ప్రొద్దుటూరు లక్షన్నర దాటింది, జమ్మలమడుగు యాభై వేలకు లోపే. అయినా ప్రొద్దుటూరు మండలం జమ్మలమడుగు రెవెన్యూ డివిజన్ కిందికి వస్తుంది. ఎందుకని? రాష్ట్రమంతటికీ ఒకటే అయిన పాఠ్యపుస్తకం ఈ ప్రశ్న వేయదు, వేయలేదు కూడా.

పుస్తకం పిల్లలకు హిమాలయాల గురించి చెబుతుంది, గంగా మైదానం గురించి, సౌరకుటుంబం గురించీ చెబుతుంది. అవన్నీ తెలియాల్సినవే. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల వాటిలో దేన్నీ తనంతట తాను సరిచూసుకోలేదు. పుస్తకంలో ఉంది కాబట్టి నిజమనుకుంటుంది, పరీక్షలో అదే రాస్తుంది. జిల్లా పాఠం సంగతి వేరు. మైలవరం జలాశయంలో నీళ్ళున్నాయని పుస్తకం చెబితే వెళ్ళి చూడొచ్చు. లేకపోతే ఎందుకు లేవని ఆ పుస్తకాన్నే నిలదీయొచ్చు. అచ్చులో ఉన్న మాటను కళ్ళతో చూసి, నలుగురిని అడిగి, పటంతో పోల్చి, తప్పో ఒప్పో తేల్చుకునే అలవాటు అబ్బడానికి జిల్లాకు మించిన కొలత లేదు. ఊరు మరీ చిన్నది, అందులో పిల్లలకు తెలియనిది తక్కువ. రాష్ట్రం మరీ పెద్దది, అందులో వాళ్ళు చూడగలిగేది తక్కువ. జిల్లాను బస్సెక్కి ఒక్క రోజులో ఈ కొస నుంచి ఆ కొసకు చుట్టిరావచ్చు, అయినా అంతా తెలిసిపోదు. అందుకే మూడో తరగతికీ ఐదో తరగతికీ మధ్య పిల్లలందరికీ తమ జిల్లా ఒక పాఠంగా రావాలి. దాని పని సొంత గడ్డ మీద గర్వం నూరిపోయడం కాకూడదు, చదివినదాన్ని సరిచూసుకోవడం నేర్పడం కావాలి.

పాలకుల కోసం రాసిన జిల్లా

కడప జిల్లా గురించి రాతలకు కొదవేమీ లేదు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, భూములు కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టించాడు. 1808లో ఆ ప్రాంతాన్ని బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పంపిన మనుషులు ఊరూరా తిరిగి స్థలచరిత్రలు సేకరించారు. అవే నేడు మనం కైఫీయత్తులంటున్నవి. 1875లో గ్రిబుల్ దొర కడప జిల్లా మాన్యువల్ రాశాడు, 1915లో బ్రాకెన్‌బరీ గెజిటీరు వచ్చింది. వానలెంత, శిస్తెంత, ఏ తాలూకాలో ఏ పంట, ఏ ఊళ్ళో ఏ పాలెగాడు తలెగరేశాడు, అన్నీ వాటిలో ఉన్నాయి. అయితే ఆ రాతలన్నీ ఎవరి కోసం? రేపు బదిలీ మీద వచ్చే అధికారి కోసం. జిల్లా అనేది పైనుంచి చూసేవాళ్ళకు పనికొచ్చేలా తయారైన బొమ్మ. రెండు వందల ఏళ్ళు దాటినా దాన్ని కిందినుంచి, అందులోనే పుట్టి పెరుగుతున్న పిల్లల ఎత్తు నుంచి చూపించే ప్రయత్నం గట్టిగా జరగలేదు. పాలించడానికి జిల్లా తెలియాలని కంపెనీ దొరలకు అర్థమైంది. బతకడానికీ ప్రశ్నించడానికీ అది తెలియాలని మనకింకా అర్థం కావాలి.

అలా చూపించడం మొదలుపెడితే మొదటి పాఠం నీళ్ళే కావాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల దరిదాపు వానతో సరిపెట్టుకునే జిల్లా ఇది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న, గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసుకుంటూ వచ్చి, మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగుతుంది. పటంలో నది గీత నిండుగా నీలంగా ఉంటుంది, పిల్లలు వంతెన మీద నుంచి చూస్తే ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. మరి పొలాలకు నీళ్ళెక్కడివి? ప్రొద్దుటూరు వైపు పొలాలకు కేసీ (కర్నూలు–కడప) కెనాల్ వస్తుంది. 1863–70 మధ్య మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పడవలకూ పంటలకూ కలిపి తవ్వించిన కాలువ అది. కంపెనీకి లాభాలు రాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. అందులోది సుంకేసుల దగ్గర మళ్ళించిన తుంగభద్ర నీరు. జమ్మలమడుగు పక్కనున్న గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులోకి శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా కృష్ణా నీరు వస్తుంది. పులివెందులకు చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఆధారం. దానికి తుంగభద్ర ఎగువ కాలువ నుంచి కొంత, గండికోట నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు కొంత. మూడు ఊళ్ళ నీళ్ళ కథా జిల్లా పొలిమేరకు అవతలే మొదలవుతుంది. జిల్లా చదివితే పిల్లల చూపు ఇరుకైపోతుందనేవాళ్ళు ఈ ఒక్క పాఠం గమనిస్తే చాలు. కొళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచిన పిల్ల కర్నూలు, బళ్ళారి దాటి సహ్యాద్రి కొండల దాకా వెళ్ళాల్సిందే. రెండు రాష్ట్రాలు నీళ్ళ కోసం ఎందుకు తగవులాడుకుంటాయో ఆ దారిలోనే ఆమెకు బోధపడుతుంది.

రెండో పాఠం కాళ్ళ కింద ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలకు కడప పేరు ప్రపంచమంతటా పరిచయం. దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లలో నెలవంక ఆకారంలో పరుచుకున్న అతి ప్రాచీన శిలల పల్లానికి వాళ్ళు పెట్టిన పేరు కడప బేసిన్. 1872లో విలియం కింగ్ ఈ కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ శిలల పొరల పేర్లు చదివితే మన బస్టాండులో బోర్డులు చదివినట్టే ఉంటుంది: పులివెందుల క్వార్ట్‌జైట్, వేంపల్లె పొర, తాడిపత్రి పొర, గండికోట క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన అగ్నిశిల వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళని తేల్చారు. వేంపల్లె పొరలోని రాళ్ళలో స్ట్రోమటోలైట్లున్నాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు సముద్రపు లోతులేని నీళ్ళలో పొరలు పొరలుగా కట్టిన గూళ్ళవి. వాటిని చూడటానికి దూరదేశాల నుంచి పరిశోధకులు వస్తారు, ఆ రాళ్ళ పక్కనుంచే పిల్లలు రోజూ బడికి వెళ్తుంటారు. ఆ వేంపల్లె పొరలోనే తుమ్మలపల్లె యురేనియం ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల సున్నపురాయే సిమెంటు ఫ్యాక్టరీలను ఇక్కడికి రప్పించింది. ఇంట్లో కాళ్ళ కింద పరిచిన నాపరాయి కూడా ఆ కుటుంబంలోదే. రాయి, కొలువు, ఇల్లు, కాలుష్యం నాలుగూ ఒకే దారానికి గుచ్చి ఉన్నాయని ఐదో తరగతి పిల్లకు చూపించగలిగే చోటు మన రాష్ట్రంలో ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం.

చరిత్ర పాఠం కూడా అంతే దగ్గరగా ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనం తెలుగులో మనకు తెలిసినవాటిలో అతి పాతదని చరిత్రకారులు చెబుతారు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన ఆ శాసనం కాలం సుమారు క్రీ.శ. 575. ఆ కలమళ్ళ దగ్గరే 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నిలబడి ఉంది. తెలుగు రాతకు దొరికిన తొలి ఆనవాలూ, రాత్రి పిల్లలు చదువుకునే దీపానికి కరెంటూ ఒకే ఊరి దగ్గరివి. ఇక ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళకు పేరుమోసిన ఊరు, అయితే చుట్టుపక్కల బంగారు గని ఒక్కటీ లేదు. గని లేని చోట బంగారం వ్యాపారం ఎలా పెరిగింది? పత్తి, నేత, అప్పు, నమ్మకం వీటిలో దేని పాత్ర ఎంత? ఈ ప్రశ్న పెద్దవాళ్ళనూ ఆలోచనలో పడేస్తుంది. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, పుట్టపర్తి నారాయణాచార్యులు వంటి కవులకు వర్తకుల ఊరు ఎలా నెలవైందన్నది దాని పక్కనే వేసుకోదగ్గ మరో ప్రశ్న.

గీతలు చెరిగితే?

ఇంతా విన్నాక మొదటి అభ్యంతరం సహజంగానే వస్తుంది. జిల్లాల హద్దులే నిలకడగా లేవు, పాఠం రాసి అచ్చు వేసేలోగా పటం మారిపోతే ఏం చేయాలి? నిజమే. కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసిన కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోదే, ఇప్పుడు కాదు. గ్రిబుల్ రాసిన కడప జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు, కదిరి తాలూకాలున్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మొదటి రెండూ అందులో కలిశాయి, కదిరి 1910లోనే అనంతపురానికి వెళ్ళింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాయచోటి, రాజంపేట వైపు అన్నమయ్య జిల్లా పుట్టింది. జిల్లా పేరుకూ నిలకడ లేదు. 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. కానీ గీతలు చెరగడం మన దగ్గరే జరగలేదు. బవేరియాలో 1972లో ఒక్క దెబ్బతో 143 జిల్లాలను 71కి కుదించారు. అయినా అక్కడి బడులు పాఠం మానేయలేదు, కొత్త పటంతో మళ్ళీ చెప్పాయి. నిజానికి గీత చెరగడమే అసలు పాఠం. కొండనూ నదినీ మనిషి పెట్టలేదు, జిల్లాను మనిషి పెట్టాడు, కాబట్టి మార్చగలడు. ఎవరు మార్చారు, ఎవరిని అడిగి మార్చారు, మార్చాక ఎవరికి ఆఫీసు దగ్గరైంది, ఎవరికి దూరమైంది? 1875, 1915, 2022 నాటి మూడు పటాలు పక్కపక్కన పెడితే పౌరశాస్త్రంలో పది పేజీల పని అక్కడే అయిపోతుంది. దానికి ఇంకో చిన్న పోలిక జత చేయొచ్చు. బవేరియాలో జిల్లా పెద్దను జనమే ఓటేసి ఎన్నుకుంటారు. మన దగ్గర కలెక్టరును ప్రభుత్వం నియమిస్తుంది, జిల్లా పరిషత్తుకు మాత్రం సభ్యులను ఎన్నుకుంటాం. ఎవరి చేతిలో ఏ అధికారం ఉందో కనుక్కురమ్మంటే పిల్లలు మండల కార్యాలయం మెట్లెక్కక తప్పదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సొంత నేల గొప్పలు చిన్నప్పుడే తలకెక్కిస్తే పరాయివాళ్ళంటే చులకన పుడుతుంది కదా? దీనికి జర్మనీయే సాక్ష్యం. 1920ల్లో అక్కడ ప్రాథమిక విద్య నడుమ నిలిపిన విషయం పేరు హైమాట్‌కుండే, అంటే సొంత గడ్డను తెలుసుకోవడం. ఎడ్వర్డ్ స్ప్రాంగర్ అనే తత్వవేత్త 1923లో దాని విద్యావిలువను కొనియాడుతూ చేసిన ప్రసంగం పేరు మోసింది. పదేళ్ళు తిరగకుండానే నాజీలు అధికారంలోకి వచ్చి ఆ పాఠాన్నే నెత్తురు, నేల అనే ఉన్మాదానికి వాడుకున్నారు. యుద్ధం ముగిశాక కూడా ఆ పాఠం తియ్యటి ఊరి ముచ్చట్లతోనే కొన్నాళ్ళు సాగింది. 1969లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన ప్రాథమిక విద్యా మహాసభ నాటికి దాని మీద విమర్శ పోటెత్తింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు పేరూ తీరూ మార్చి, పరిశీలన మీద, ప్రయోగం మీద నిలిచే విషయంగా దాన్ని కొత్తగా కట్టాయి. బవేరియా మాత్రం పేరులో సొంత గడ్డను అట్టిపెట్టుకుంటూనే దానికి పరిశీలనను జోడించింది. దీన్నుంచి మనం తీసుకోవాల్సిన గుణపాఠం జిల్లా పాఠం వద్దని కాదు. పొగడ్తగా చెబితే విషమవుతుందని, ప్రశ్నగా చెబితే విరుగుడవుతుందని. మనకు ఆ విరుగుడు అవసరం ఎక్కువే. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' తర్వాత వరసకట్టిన సినిమాలు కడప, కర్నూలు అంటే బాంబులూ సుమోలేనని లోకాన్ని నమ్మించాయి. ఆ బొమ్మను చూసి సిగ్గుపడే పిల్లలుంటారు, మీసం తిప్పే పిల్లలూ ఉంటారు. ఇద్దరికీ తమ జిల్లా గురించి తెలిసింది తెర మీదిదే. కలమళ్ళ రాతనూ కేసీ కెనాల్‌నూ స్ట్రోమటోలైట్లనూ సొంతంగా చూసిన పిల్లలకు ఆ బొమ్మ ఎంత ఇరుకైనదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలాగని చేదును దాచిపెట్టి తీపి మాత్రమే వడ్డిస్తే సరిచూసుకోవడం అనే మాటకే అర్థం పోతుంది. గండికోట జలాశయం నిండితే చీనీ తోటలకు నీళ్ళందుతాయి. అదే నీటి కింద తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు మునిగిపోయాయి, ఆ కుటుంబాలు పునరావాస కాలనీలకు చేరాయి. తుమ్మలపల్లె గని కొలువులిచ్చింది, దాని వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్ళు చెడుతున్నాయని చుట్టుపక్కల పల్లెలు ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నాయి. జమ్మలమడుగు వైపు ఉక్కు కర్మాగారానికి 2007 నుంచి 2023 దాకా ఒకటికి నాలుగుసార్లు శంకుస్థాపన జరిగింది. ఇవి పిల్లలకు చెప్పదగ్గ విషయాలేనా అని సందేహం రావచ్చు. తరగతిని బట్టి చెప్పాలి. మునిగిన ఊరి పేరు, అక్కడివాళ్ళు ఇప్పుడెక్కడున్నారన్నది నాలుగో తరగతి పిల్లలకు చెప్పొచ్చు, ఆ కాలనీల పిల్లలు పక్క బెంచీలోనే ఉండొచ్చు కూడా. గని లాభనష్టాల లెక్క ఎనిమిదో తరగతికి ఉంచొచ్చు. ఏ తరగతిలోనైనా ఒకటే నియమం: తీర్పు పుస్తకం ఇవ్వకూడదు, రెండు వైపుల మాటలూ పిల్లల ముందు పెట్టి వాళ్ళనే తేల్చుకోమనాలి.

పరీక్షకు రాని పాఠమా?

తల్లిదండ్రుల నుంచి వచ్చే అభ్యంతరం ఇంకోటుంది. ఇంగ్లిష్ మీడియం, ఫౌండేషన్ కోర్సులు, ఎప్పటికో రాయాల్సిన ఐఐటీ పరీక్ష, వీటి మధ్య జిల్లా పాఠానికి తీరికెక్కడిది? పైగా చదువుకున్న పిల్లలు హైదరాబాదో బెంగళూరో అమెరికానో వెళ్ళేవాళ్ళే కదా? ఈ మాటలో బాధ ఉంది, కొట్టిపారేయలేం. ఊళ్ళో బతుకుతెరువు చాలక పిల్లలను పైకి పంపాలనుకునే ప్రాంతం ఇది. అయితే జిల్లా పాఠం నేర్పేది కడపలోనే ఉండిపొమ్మని కాదు. స్కేలు చూసి దూరం కొలవడం, వానల పట్టిక నుంచి గ్రాఫు గీయడం, ఇద్దరు చెప్పిన మాటల్లో తేడా పట్టుకోవడం, దరఖాస్తు ఏ ఆఫీసుకు పెట్టాలో తెలుసుకోవడం ఎక్కడికి వెళ్ళినా పనికొస్తాయి. లెక్కలో వచ్చే నీటి ట్యాంకు ఏదో పేరులేని ట్యాంకయ్యే బదులు 26.85 టీఎంసీల గండికోట కావచ్చు, సైన్సులో రాయి మ్యూజియం అద్దం వెనక ఉండే బదులు ఇంటి అరుగు కావచ్చు. అదనపు గంటలేమీ అక్కర్లేదు, ఉన్న గంటల్లో ఉదాహరణ మారితే చాలు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా బడి నడపమంటోంది. ఆ పది రోజుల్లో మూడు చాలు: ఒకటి గండికోట, మైలవరానికి, ఒకటి కలమళ్ళకు, ఒకటి ఆర్డీవో కార్యాలయానికి.

ఇక ఉపాధ్యాయుల మాట. ఆన్‌లైన్ హాజర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, రకరకాల సర్వేలతో ఇప్పటికే తలమునకలైన టీచరు మీద మరో బరువా అంటే, ఆ కోపం న్యాయమే. కాబట్టి పుస్తకం రాసే పని టీచరు మీద పెట్టకూడదు, తయారైన సామగ్రి వాళ్ళ చేతికి రావాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. మహారాష్ట్రలో మూడో తరగతి పరిసరాల పుస్తకాన్ని జిల్లాకొకటి చొప్పున వేర్వేరుగా అచ్చు వేశారు. పుణె పిల్లలు పుణె జిల్లాను, నాగపూర్ పిల్లలు నాగపూర్ జిల్లాను చదివారు. కడపకు ముడిసరుకు ఇంకా ఎక్కువే. కడపలోనే సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, కైఫీయత్తులు అక్కడ అచ్చయ్యాయి. యోగివేమన విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం, చరిత్ర చెప్పేవాళ్ళున్నారు. జలవనరుల శాఖ దగ్గర కాలువల పటాలున్నాయి, కలెక్టరేటులో మండలాల పటాలున్నాయి. నలభై పేజీల పుస్తకం, గోడకు తగిలించే నాలుగు పటాలు, పాఠం చివర జవాబులు లేని ప్రశ్నలు. ఇంతే కావాల్సింది. ప్రొద్దుటూరు ప్రతిలో కేసీ కెనాల్ ముందుండొచ్చు, పులివెందుల ప్రతిలో చిత్రావతి ముందుండొచ్చు, జమ్మలమడుగు ప్రతిలో గండికోట ముందుండొచ్చు. మిగతాదంతా ఒకటే.

అలా వచ్చే పుస్తకంలో తప్పులు తప్పకుండా దొర్లుతాయి. ఎండిపోయిన వాగును పారుతున్నట్టు చూపిస్తారు, ఎత్తేసిన ఆఫీసును ఇంకా ఉన్నట్టు రాస్తారు, ఒక మండలం పేరు తప్పు పడుతుంది. దానికి భయపడి ఆగాల్సిన పనిలేదు. పెద్దలు రాసిన జిల్లాలో తప్పు పట్టుకునే అవకాశం పిల్లలకు మొదటిసారి దక్కేది అక్కడే. పుస్తకం వెనక ఒక ఖాళీ పేజీ, దాని మీద జిల్లా విద్యాశాఖ చిరునామా ఉంచాలి. ఏ బడి పిల్లలు ఏ తప్పు పట్టారో ఆ బడి పేరుతో సహా రెండో ముద్రణలో వేయాలి. ప్రభుత్వ రికార్డును సాక్ష్యం చూపి దిద్దగలనని పదేళ్ళకే తెలుసుకున్న పిల్లలు పెద్దయ్యాక అడంగల్‌లో పేరు తప్పు పడినా, ముంపు పరిహారం జాబితాలో ఇంటి నంబరు జారిపోయినా దళారిని వెతుక్కుంటూ పోరు, తామే పటం పట్టుకుని వెళ్ళి అడుగుతారు.